నోటి నిండా మేకులు

నోట్లో నువ్వుగింజ నానని మనుషులుంటారు. ఆమె నోట్లో మేకులు నానేవి.

పాత కుర్చీలకు మెత్తలు కట్టే పని ఆమెది. ఎడమచేత్తో గుడ్డను బిగలాగి పట్టుకోవాలి, కుడిచేతిలో సుత్తి ఉండాలి. మూడో చెయ్యి ఎవరికీ లేదు కాబట్టి చిన్న మేకుల్ని ఒక గుప్పెడు తీసి నోట్లో పోసుకోవాలి. నాలుకతో ఒక్కో మేకును తిప్పి, తల బయటికి వచ్చేలా పెదవుల మధ్యకు తోస్తే, సుత్తి కొసనున్న అయస్కాంతం దాన్ని అందుకుంటుంది. ఒక దెబ్బకు మేకు నిలబడుతుంది, ఇంకో దెబ్బకు దిగబడుతుంది. చూసేవాళ్ళకు అది గారడీ, చేసేవాళ్ళకు బతుకు.

పదేళ్ళ వయసులో తండ్రి ఆమెకు నేర్పిన మొదటి పాఠం సుత్తి పట్టడం కాదు, ఊపిరి తియ్యడం. "నోటితో పీల్చావా, మేకు గొంతులోకి పోతుంది. నోటితో ఊదావా, మేకులన్నీ నేలపాలు. నోరంటే డబ్బా అనుకో. కిటికీ అంటావా, ముక్కుంది."

ఆ కిటికీ ఆమె ఇరవై ఆరో ఏట మూసుకోవడం మొదలుపెట్టింది. పాత కుర్చీ విప్పితే దాని కడుపులో నుంచి గుర్రపు వెంట్రుకలు, గోనెపట్టా, వాటితోపాటు ఎన్నో ఏళ్ళ దుమ్ము బయటికొస్తుంది. ఆ దుమ్ములో కంటికి ఆనని పురుగులు కాపురం చేస్తుంటాయి. వాటి పొట్టు లోపలికి వెళ్తే ఆమెకు తుమ్ములు, ముక్కు దిబ్బడ, రొమ్ములో చిన్న పిల్లనగ్రోవి. ముక్కు మూసుకుంటే నోరు తెరవాలి, నోరు తెరిస్తే మేకులుండవు, మేకుల్లేకపోతే పనిలేదు. అప్పటి నుంచి పదిహేనేళ్ళుగా ఆమె ఒక్కో మేకూ డబ్బాలోంచి తీసుకుని, కుంటివాడు మెట్లెక్కినట్టు పని సాగిస్తోంది.

అయితే అసలు బాధ దుమ్ములో ఉన్నప్పుడు వచ్చేది కాదు. అక్కడే వచ్చింది చిక్కంతా.

ఉదయం కుర్చీ విప్పగానే రొమ్ము కాస్త బిగుసుకునేది. ఇన్‌హేలర్ రెండుసార్లు పీలిస్తే గంటలో సర్దుకునేది. మధ్యాహ్నమంతా మామూలు మనిషే. సాయంత్రం దుకాణం కట్టేసి, మేడమీద ఇంట్లో అన్నయ్యా వదినెలతో భోజనానికి కూర్చున్నప్పుడు, ఆ దుమ్మూ ఆ గదీ గుర్తు కూడా లేనప్పుడు, ఊపిరి తలుపు దడాలున మూసుకునేది. అన్నయ్యకు దుకాణం సంగతులు మాట్లాడటానికి అదొక్కటే వేళ. ముందుగదిలో అతను కొత్త స్పాంజి సోఫాలు అమ్ముతాడు, వెనకగదిలో ఆమె పాత కుర్చీలు కడుతుంది. కాబట్టి ఆ వేళ మాటలకు కొదవ ఉండదు, మాటామాటా పెరగడానికీ కొదవ ఉండదు. ఆమె జవాబు మొదలుపెట్టేది. నాలుగో మాటకో ఐదో మాటకో ఊపిరి చాలేది కాదు. అన్నయ్య నీళ్ళగ్లాసు ఆమె వైపు జరిపేవాడు. వాదన అక్కడితో ముగిసేది. పదిహేనేళ్ళలో ఆమె గెలిచిన వాదన ఒక్కటీ లేదు, పూర్తిచేసిన వాదన కూడా లేదు.

"దానికి కోపమొస్తే ఊపిరాడదు," అని అన్నయ్య అందరికీ చెప్పేవాడు. "మనసు జబ్బు. దుమ్మే కారణమైతే దుమ్ములో ఉన్నప్పుడు రావాలిగా? నన్ను చూస్తే వస్తుంది."

ఈ మాటలో తిరుగులేని తర్కం ఉంది. ఆమెను అదే తినేసింది. కుర్చీని విప్పినట్టు తన్ను తాను విప్పుకునేది. పైగుడ్డ, దాని కింద మెత్త, దాని కింద గోనె, ఆ కింద స్ప్రింగులు. ఎక్కడో ఒక తుప్పుపట్టిన భయం గుచ్చుకుని ఉండాలి, అది పీకేస్తే చాలు. భయాన్ని వెతుక్కుంటూ తనలోకి దిగినవాళ్ళెవరూ వట్టిచేతులతో పైకి రారు. ఆమెకూ దొరికాయి. తండ్రి కోపం, అన్నయ్య పెద్దరికం, పని చేతకాదేమోనన్న దిగులు. ఒక్కోటీ పీకి పక్కన పెట్టింది. సాయంత్రమయ్యేసరికి ఊపిరి మాత్రం మళ్ళీ మూసుకునేది. చివరికి తనే నటిస్తోందేమో, ఆ నటన తనక్కూడా తెలియదేమో అన్నంతవరకు వెళ్ళింది. మనిషి తన ఊపిరినే అనుమానించడం మొదలుపెడితే ఇక నమ్మడానికి ఏం మిగులుతుంది?

అలాంటి రోజుల్లో పాత నాటకశాల నుంచి మేనేజరు వచ్చాడు. శాలను బాగుచేయిస్తున్నారట. పైవరసలో నలభై కుర్చీలున్నాయి, అవి మొదట ఎలా ఉండేవో అలాగే కావాలి. అవే గుర్రపు వెంట్రుకలు, అదే కుట్టు, అవే మేకులు. ఊళ్ళో ఆ పని తెలిసింది ఆమె ఒక్కతికే.

ఆ సాయంత్రం అన్నయ్య తేల్చేశాడు. "జవాబు చెప్పడానికి నాలుగు నెలలు గడువిచ్చారు, ఆలోగా కుదరదని చెప్పేస్తాను. వెనకగది ఖాళీ చేసి స్పాంజి నిలవ పెడదాం. నువ్వు ముందు కౌంటరులో కూర్చో, హాయిగా."

"అన్నయ్యా, ఆ కుర్చీలు నేను..."

అంతే. ఆ మాట తర్వాత ఏమనబోయిందో ఎవరికీ తెలియలేదు. నీళ్ళగ్లాసు బల్లమీద జారుకుంటూ వచ్చింది.

*

మర్నాడే ఆమె ఆసుపత్రికి వెళ్ళింది. అక్కడి ఎలర్జీ డాక్టరమ్మ ఆమెకంటే పదేళ్ళు చిన్నది. చెప్పేటప్పుడు కాగితం మీద బొమ్మ గీస్తే తప్ప ఆవిడకు తోచదు.

"దుమ్ము లోపలికెళ్ళగానే ఒంట్లో రెండు మూడు రకాల రసాయనాలు బయల్దేరతాయి. ఒకదాన్ని మీరు తుమ్ములకు వేసుకునే ఎలర్జీ మాత్ర ఆపుతుంది. ఇంకోటి ఊపిరిగొట్టాల్ని బిగించి, వాపు తెస్తుంది. దానికి వేరే మాత్ర ఉంది. ఏదో ఒకటే ఇస్తే ఎంత గుణం, రెండూ కలిపి ఇస్తే ఎంత అని మేమిక్కడ పరీక్ష చేస్తున్నాం. మీరు చేరతారా?"

"ఇద్దరు దొంగలన్నమాట," అందామె. "ఒకడు వీధి తలుపు, ఒకడు దొడ్డి తలుపు. నేనిన్నాళ్ళూ వీధి తలుపుకే గడియ పెట్టుకుంటున్నాను."

"ఉండండి, ఇది రాసుకుంటాను," అని డాక్టరమ్మ నిజంగానే రాసుకుంది. "కానీ ముందే చెప్తున్నా. ఇక్కడ మీచేత ఆ దుమ్ము కావాలనే పీల్పిస్తాం. పక్కన మందులుంటాయి, మనుషులుంటారు. ఇంట్లో మీ అంతట మీరు ఏదీ కలిపి మింగొద్దు. రోజూ పీల్చే మందు మానొద్దు. నాలుగు విడతలు. ఒక విడత వట్టి పిండిమాత్రలు, ఒక విడత మొదటి మందు, ఒక విడత రెండోది, ఒక విడత రెండూ. ఏ విడతలో ఏదుందో మీకూ తెలీదు, నాకూ తెలీదు. కవర్లో ఉంటుంది, అన్నీ అయ్యాకే విప్పుతాం."

ఆమె మనసులో ఒక్కటే మెదిలింది. ఎవరికీ తెలీకపోతే, నటించడం కూడా కుదరదు.

చేరాలంటే ముందు యంత్రంలో ఊది చూపించాలి. మొదటి క్షణంలో ఎంత గాలి బయటికి కొడితే అంత లెక్క. ఆ లెక్క మరీ తక్కువైతే పరీక్షకు పనికిరారు, ప్రమాదం. ఊదించే పని ఒక పెద్దాయనది. ఇంకో ఏడాదిలో ఉద్యోగ విరమణ. ఆసుపత్రిలో అందరూ ఆయన్ను ఊదుడు మాస్టారంటారు. పెళ్ళిలో తప్పిపోయిన పిల్లాణ్ణి పిలిచినట్టు కేకలు వేస్తాడు.

"ఊదమ్మా! ఊదు, ఊదు, ఊదు, ఇంకా ఊదు... అబ్బే."

మూడుసార్లు ఊదింది. మూడుసార్లూ అంకె అడుగునే ఉంది. మాస్టారు కాగితం చూసి పెదవి విరిచాడు.

"లాభం లేదమ్మా. ఈ లెక్కతో మిమ్మల్ని చేర్చుకోరు."

ఆమెకు నలభై కుర్చీలూ వరసగా ముడుచుకుని వెళ్ళిపోతున్నట్టు కనిపించాయి. లేవబోయింది. మాస్టారు ఆమె ముఖంలోకి తేరిపార చూస్తున్నాడు.

"ఆగండాగండి. మీరు ఊదేటప్పుడు పెదాలు అలా బిగపడతారేంటి? లోపల తమలపాకు దాచుకున్నట్టు? నెమ్మదిగా, పొదుపుగా... ఎవరైనా చూస్తే గాలి కూడా తాకట్టు పెట్టారనుకుంటారు. మీరేం పని చేస్తారు?"

ఆమె చెప్పింది. మేకుల సంగతి చెప్పింది. ముప్పై ఏళ్ళుగా నోట్లోంచి గట్టిగా గాలి వదిలిన పాపాన పోలేదని, అలా వదలబోతే నాలుక దానంతటదే అడ్డం పడుతుందని చెప్పింది. చెబుతూ ఉండగానే ఆమెకే అర్థమైంది. తండ్రి పోయి పన్నెండేళ్ళయినా, ఆయన వేసిన గడియ ఇంకా నోటికి ఉంది.

మాస్టారు పకపక నవ్వాడు. "అయితే ఒక పని చెయ్యండి. ఇప్పుడు మీ నోటినిండా మేకులున్నాయనుకోండి. అదిగో ఆ గోడ. మీకు గిట్టనివాళ్ళెవరో అక్కడ నిలబడ్డారు. అన్నీ ఒక్క దెబ్బకు ఉమ్మెయ్యండి. ఒక్కటి కూడా మిగలకూడదు!"

గోడ దగ్గర ఎవరిని నిలబెట్టిందో ఆమె అప్పుడు చెప్పలేదు. గొట్టం నోట్లో పెట్టుకుని, రొమ్ము నిండా పీల్చి, ఊదింది. యంత్రం మీద ముల్లు ఎగిరి పడింది.

"ఓరి నాయనో!" అన్నాడు మాస్టారు. "గోడకు సున్నం రాలింది చూడండి."

ఆమె చేరింది.

*

ప్రతి విడతలోనూ ఒకటే తంతు. వారం రోజులు అంకెవేసిన డబ్బాలోంచి రోజూ రెండు మాత్రలు. ఏడో రోజు పొద్దున్నే ఆసుపత్రి. మంచులాంటి పొగలో కొలిచి కలిపిన దుమ్ముపురుగుల సారం పీల్చాలి. తర్వాత పది నిమిషాలకొకసారి ఊదాలి, ఆ తర్వాత సాయంత్రం దాకా గంటకొకసారి. ఊదినదల్లా మాస్టారు చుక్కగా పెట్టి, చుక్కల్ని గీతతో కలుపుతాడు. ఒక విడతకూ ఇంకో విడతకూ మధ్య మూడు వారాలు.

మొదటి విడత. పదింటికి పీల్చింది. కాసేపటికి రొమ్ము కొద్దిగా బిగిసింది, గీత చిన్న గుంటలోకి దిగి లేచింది. తను భయపడినంత లేదు. తర్వాత చేసేదేమీ లేక కిటికీ పక్కన కూర్చుంది. గది తెల్లగా, నిశ్శబ్దంగా ఉంది. మాస్టారు తన భార్య గురకను కూడా యంత్రంతో కొలిచిన కథ చెప్పాడు. ఆమె కడుపుబ్బ నవ్వింది. నాలుగున్నరకు, ఆ నవ్వు ఇంకా ముఖం మీద ఉండగానే, ఊపిరి తలుపు దడాలున మూసుకుంది.

ఊదించి, మాస్టారు ఇన్‌హేలర్ ఇచ్చాడు. సర్దుకున్నాక ఆమె గీత వైపు చూసింది. ఉదయం చిన్న గుంట. సాయంత్రం లోతైన గుంట. మధ్యలో ఐదున్నర గంటల చదును.

"ఇదేంటి మాస్టారూ, రెండోది?"

"ఇది మామూలే అమ్మా. కొందరికి దుమ్ము రెండుసార్లు కొడుతుంది. వెంటనే ఒకసారి, ఐదారు గంటలకు ఇంకోసారి. రెండో దెబ్బే గట్టిది."

"కోపం రాకపోయినా?"

"కోపమా? మీరు పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతున్నారు కదమ్మా!"

ఆమె ఆ కాగితాన్ని చాలాసేపు చేతిలో ఉంచుకుంది. పొద్దున్న పదకొండింటికి విప్పిన కుర్చీ, సాయంత్రం ఐదున్నర భోజనబల్ల దగ్గరికి నడిచి వస్తుందన్నమాట. పదిహేనేళ్ళుగా దొంగ ఉదయం వచ్చిపోతే, సాయంత్రం ఎదురుగా కూర్చున్నవాణ్ణి పట్టుకున్నారు. ఆ ఎదురుగా కూర్చున్నది కొన్నిసార్లు అన్నయ్య, ఎక్కువసార్లు ఆమె మనసే.

రెండో విడతలో రెండు గుంటలూ సగం సగం పూడాయి. ఏదో మందు పడిందని తెలుస్తూనే ఉంది. మూడో విడతలో ఉదయం గీత ఇంచుమించు కదలలేదు. మధ్యాహ్నం దాటింది. నాలుగైంది, ఐదైంది, ఆరైంది. గంటగంటకూ మాస్టారు పెట్టిన చుక్కలు చీమల బారులా తిన్నగా సాగాయి. ఆఖరి చుక్క పెట్టి ఆయన కలం కింద పెట్టాడు.

"ఇది గీత కాదమ్మా, నున్నగా తారేసిన రోడ్డు," అన్నాడు.

ఆ సాయంత్రం ఆమె ఇంటికి నడుచుకుంటూ వెళ్ళింది. దారిలో మూడు వీధుల పాటు ముక్కుతోనే ఊపిరి తీసుకుంది. రొట్టెల కొట్టు వాసన, తడిసిన సున్నం వాసన, ఎవరో గొళ్ళేనికి నూనె పోసిన వాసన. ఇవన్నీ ఇన్నాళ్ళూ ఇక్కడే ఉన్నాయా?

అన్నయ్యకు కాగితం చూపించింది. అతను అటూ ఇటూ తిప్పి చూసి నవ్వాడు.

"చూశావా? నేను చెప్పలేదూ? ఈ డాక్టర్ల మీద నీకు నమ్మకం కుదిరింది. నమ్మకం కుదిరితే తగ్గిపోయింది. మనసే అని ఎప్పట్నుంచి మొత్తుకుంటున్నాను!"

"ఆ మొదటి కాగితంలో సాయంత్రం గుంట..."

"అప్పటికింకా నమ్మకం కుదరలేదు." అతను కాగితం మడిచి ఇచ్చేశాడు. "ఇంకో విడతుందిగా. చూద్దాం."

వదినె మధ్యలో అందుకుంది. "మనసు మనసంటారు, ఆ మనసేదో మీ దగ్గరుంటే కాస్త దానికీ ఇవ్వకూడదూ?"

ఆమె నవ్వింది కానీ అన్నయ్య అన్నది ముల్లులా దిగింది. అన్నయ్య తర్కం ఎప్పుడూ అంతే, నాలుగువైపులా గోడలే, తలుపుండదు. తగ్గితే నమ్మకం, తగ్గకపోతే భయం. అలాంటి గదిలో పెట్టి తాళమేస్తే ఆరోగ్యవంతుడు కూడా దగ్గుతాడు.

తర్వాతి మూడు వారాలూ ఆమె దాని గురించే ఆలోచించింది. నాలుగో విడత మాత్రలు మొదలుపెట్టిన రోజున ఆమెకు దారి దొరికింది. ఇప్పుడు తనకు నమ్మకం ఉంది. కొండంత ఉంది. మొదటి విడతలో ఉన్న బెరుకు లేదు, ఆ గది సొంతిల్లులా ఉంది. మనసే మందైతే ఈసారి గీత ఇంకా నున్నగా రావాలి. రాకపోతే? అప్పుడు మనసుకు ఈ వ్యవహారంతో సంబంధం లేదు. మొట్టమొదటిసారిగా ఆమె తన జబ్బు ముందు ధీమాగా నిలబడి, రమ్మని పిలిచింది.

నాలుగో విడత రోజున పాట పాడుకుంటూ ఆసుపత్రికి వెళ్ళింది. పదింటికి పీల్చింది.

పది నిమిషాల్లో గీత బావిలో బొక్కెన పడ్డట్టు పడింది. అంత లోతు మునుపెప్పుడూ లేదు. మాస్టారు ఇన్‌హేలర్ అందిస్తూ కంగారుగా చూశాడు. ఆమె కళ్ళలో నీళ్ళు, పెదాల మీద నవ్వు.

"ఏమైందమ్మా? డాక్టరమ్మను పిలవనా?"

"మాస్టారూ..." ఒక్కో మాటా తోడుకుంది. "నాకు... నిజంగానే... ఊపిరాడట్లేదు!"

"అది నాకూ కనిపిస్తోంది. అందులో అంత సంబరమేంటి?"

జవాబు చెప్పే ఊపిరి లేదు. లోపల మాత్రం ఎవరో పెళ్ళిమేళం వాయిస్తున్నారు. మనిషి పడిపోతూ గెలవడం ఉంటుందని ఆమెకు అప్పుడే తెలిసింది. రొమ్ము బిగిసిన ప్రతి క్షణమూ ఒక సాక్షి వచ్చి, ఈవిడ అబద్ధమాడలేదు అని చెప్పి వెళ్తోంది. తండ్రి ముందు, అన్నయ్య ముందు, అందరికంటే కఠినంగా ప్రశ్నించిన తన ముందు. సాయంత్రం నాలుగు దాటాక, మాస్టారు గురక కథ రెండో భాగం చెబుతుండగా, రెండో గుంట కూడా వచ్చింది. నిండుగా, మాట తప్పకుండా.

వారం తర్వాత డాక్టరమ్మ కవరు విప్పింది. మొదటి విడత, ఎలర్జీ మాత్ర ఒక్కటే. రెండో విడత, ఊపిరిగొట్టాల మాత్ర ఒక్కటే. మూడో విడత, రెండూ. నాలుగో విడత, వట్టి పిండి.

"అందరికీ మీకొచ్చినంత చక్కగా రాలేదు," అంది డాక్టరమ్మ. "మీకు కలిసొచ్చింది. రెండూ కలిపి రాస్తున్నాను. పీల్చే మందు మామూలే. కుర్చీలు పెరట్లో, ముక్కుకు మాస్కు పెట్టుకుని విప్పండి. నెలకోసారి వచ్చి ఊది వెళ్ళండి."

తలుపు దాకా వచ్చిన మాస్టారు గొంతు తగ్గించి అడిగాడు. "ఇంతకీ ఆరోజు గోడ దగ్గర ఎవర్ని నిలబెట్టారమ్మా?"

"నన్నే," అందామె.

*

గడువు ఇంకా పది రోజులుంది. నాటకశాల నుంచి నమూనాకు ఒక కుర్చీ తెప్పించుకుంది. కొత్త మాత్రలు వారం వాడాక, ఎనిమిదో రోజున పదకొండింటికి పెరట్లో దాని పైగుడ్డ చీల్చింది. మాస్కు వేసుకున్నా, పొడిగా, పాతగా దుమ్ము కళ్ళలో పడింది. అన్నయ్య దొడ్డిగుమ్మం దగ్గర నిలబడి గోడ గడియారం చూశాడు. అతను ఏం లెక్కేస్తున్నాడో ఆమెకు తెలుసు.

విప్పడం అయ్యాక చేతులూ ముఖం కడుక్కుని లోపలికొచ్చింది. తండ్రి బల్లమీద కొత్త పట్టీలు పరిచింది. డబ్బాలోంచి గుప్పెడు మేకులు తీసింది. ఒక్క క్షణం చేతిలో చూసుకుంది. తర్వాత నోట్లో పోసుకుంది.

చల్లగా, ఇనప రుచితో, నాలుక మీద పాత చుట్టాల్లా సర్దుకున్నాయి. పెదాలు మూసింది. ముక్కు తెరుచుకునే ఉంది. సుత్తి లేచింది. టక్, టక్. తర్వాతి మేకు నాలుక కొసకు దానంతటదే వచ్చి నిలబడింది. పదిహేనేళ్ళలో చెయ్యి మరిచిపోయినా నోరు మరిచిపోలేదు. టక్, టక్. టక్, టక్.

అన్నయ్య వచ్చి పక్కన నిలబడ్డాడు. "ఎలా ఉంది?"

ఆమె తలూపింది.

"ఆయాసమేమైనా?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

"నోరు తెరిచి చెప్పవే, చిట్టీ!"

ఆమె నోరు తెరిచి, నాలుక మీద బారుగా మెరుస్తున్న మేకుల్ని చూపించింది. అతను ఒకడుగు వెనక్కి వేశాడు. అతని ముఖంలో ఒక్కసారిగా పన్నెండేళ్ళ పిల్లాడు కనిపించాడు. తండ్రి పక్కన నిలబడి, మేకులు నోట్లో పెట్టుకోవడానికి భయపడి, ముందుగదిలోకి పారిపోయిన పిల్లాడు. ఇన్నాళ్ళూ భయాన్ని వెతకవలసిన చోటు ఇది కాబోలు అనుకుందామె. అనుకుని, అతని మీద మొదటిసారి జాలిపడింది.

ఐదున్నరకు భోజనానికి కూర్చున్నారు. గడియారం ఎదురుగా ఉంది. అన్నయ్య ఆరోజు దుకాణం మాటెత్తలేదు. నీళ్ళగ్లాసు మాత్రం అతని చేతి దగ్గర, జరపడానికి వీలుగా, సిద్ధంగా ఉంది. వదినె ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూస్తోంది. ఆరైంది. ఇదే వేళ. ఊపిరి తలుపు దగ్గర ఎవరైనా నిలబడ్డారేమోనని ఆమె లోపలికి చెవి ఒగ్గింది. ఎవరూ లేరు. గాలి వస్తోంది, పోతోంది.

అన్నయ్య గొడవపడటం లేదు కాబట్టి ఇక తనే మొదలుపెట్టాలి.

"అన్నయ్యా," అంది, "ఆ నలభై కుర్చీలూ నేనే కడతాను, రేపు పొద్దున్నే మేనేజరుకు సరేనని చెప్పేది నువ్వు కాదు నేను, వెనకగదిలోకి ఒక్క స్పాంజి ముక్క వచ్చినా దాన్ని వీధిలోకి విసిరేస్తాను, నాన్న బల్ల నాది, నాన్న సుత్తి నాది, పదిహేనేళ్ళుగా నా జబ్బుకు నీ పేరు పెట్టుకుని ఊరంతా తిప్పావు, నేనూ వెర్రిదానిలా నమ్మి నా మనసును చీల్చి చీల్చి చూసుకున్నాను, అందులో నీ మీద ఉన్న ప్రేమ తప్ప నువ్వు చెప్పిన జబ్బేదీ దొరకలేదు, ఇకమీదట నేను మాట్లాడుతుంటే మధ్యలో నీళ్ళు జరపొద్దు, దాహమేస్తే నేనే అడుగుతాను!"

ఒక్క ఊపిరిలో అంది. చివర ఇంకాస్త మిగిలింది కూడా.

అన్నయ్య గ్లాసు మీద వేసిన చెయ్యి అలాగే ఉంది. అలవాటు కొద్దీ దాన్ని అంగుళం మేర ముందుకు జరిపి, ఆగిపోయాడు.

"నువ్వు నటిస్తున్నావనుకుంటేనే నాకు ధైర్యంగా ఉండేది," అన్నాడు మెల్లగా. "నిజమనుకుంటే... ఒకసారి నీ పెదాలు నీలంగా అయ్యాయి. నాకు గుర్తుంది."

"తెలుసు."

అతను గ్లాసు వెనక్కి తీసుకుని, గటగటా మొత్తం తనే తాగేశాడు. మూతి తుడుచుకున్నాడు.

"ఉన్న మేకులు నలభై కుర్చీలకు సరిపోతాయా?" అన్నాడు.

"ఎవరి నోట్లోవి? దానివా, మీవా?" అంది వదినె. అన్నయ్యకు పొరబోయింది. దగ్గి, దగ్గి, కళ్ళనీళ్ళు పెట్టుకుని, ఊపిరి చాలక చెయ్యి ఊపాడు. చెల్లెలు కూజాలోంచి ఇంకో గ్లాసు నింపి, బల్లమీద అతని వైపు జరిపింది.